సగంలో ఇచ్చేసిన పుస్తకం

“ఇది తలకి పెట్టుకుంటే పిల్లకి జుట్టు ఊడిపోదు కదండీ?”

మా పేట శాఖా గ్రంథాలయంలో నేను అడిగిన మొదటి మాట అదే. లైబ్రేరియన్ ఇందుమతి గారు చేతిలోని నల్లటి పట్టీని వెనక్కీ ముందుకీ తిప్పి చూపించి, ఊడదమ్మా అన్నారు. చూపు మసకబారదు కదా అన్నాను. బారదన్నారు. ఉరుముల వానలో కరెంటు ఎగదన్నితే ఏమవుతుందన్నాను. బ్యాటరీతో నడుస్తుందన్నారు. జ్వరం, కలవరింతలు, ఫిట్సు, అన్నీ వరసపెట్టి అడిగాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. కొత్త వస్తువు ఏది గుమ్మం దాటి లోపలికి వస్తున్నా దాని వల్ల ఎవరికి ఏమవుతుందోనని ముందే బెంగపెట్టుకోవడం నాకు అలవాటు. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూస్తారు. నన్ను అపశకునాల పంచాంగం అని పిలుస్తారు. ఆ రోజు నేను మొత్తం పదిహేడు ప్రశ్నలు వేశానని తర్వాత ఇందుమతి గారే చెప్పారు. జరిగింది మాత్రం ఆ పదిహేడింటిలో లేదు.

మా కొత్తరేవులో గ్రంథాలయం ఉందని తెలిసినవాళ్లే తక్కువ. అక్కడ ఫోన్లోకి కూడా పుస్తకం ఎరువిస్తారని, పైసా కట్టనక్కర్లేదని, గడువు తీరగానే అదే వెనక్కి పోతుందని ఎనిమిదేళ్లుగా గోడ మీద రాసి ఉందట. ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఈ కొత్తరకం ఇ-పుస్తకం వచ్చింది. దీనికి ఫోనూ అక్కర్లేదు, తిన్నగా తలలోకే. ప్రయోగం చేసి చూడడానికి జిల్లా మొత్తంలో మా శాఖని ఎంచుకున్నారు.

ఇందుమతి గారు ఆటోకి మైకు కట్టించుకుని వీధివీధీ తిరిగారు. మీ లైబ్రరీ, మీ పుస్తకం, పట్టుకెళ్లండి, బరువుండదు అని ఆవిడ గొంతే వినబడేది. జనం అదేదో పథకం అనుకుని ఆధార్ జిరాక్సులతో వచ్చి వరసలో నిలబడ్డారు. మా పక్కింటి నూకాలమ్మ, కుటుంబానికి ఎన్ని ఇస్తారని అడిగింది. మనిషికి ఒకటంటే, అయితే మా ఆయనకి ఇవ్వండి, నాకసలే తలనొప్పులు అంది. టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్లు, తలలోకి ఎక్కించాలంటే ముందు అక్కడ తల ఉండాలి కదా అని ఒకళ్ల మీద ఒకళ్లు వేసుకుని నవ్వుకున్నారు. మొదటి నెలలో పుస్తకం పట్టుకెళ్లింది నలుగురు.

ఐదో మనిషి మా అమ్మాయి జోషిత. ఏడో తరగతి. బళ్లో ఇందుమతి గారు వచ్చి మాట్లాడిన రోజు నుంచీ నా కొంగు పట్టుకుని వదల్లేదు. దానికి కావలసింది పక్షుల పుస్తకం. మా గోదావరి లంకల్లోకి ఏటా వచ్చిపోయే పన్నెండు రకాల పక్షులు, పన్నెండు అధ్యాయాలు.

దాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ పెట్టారు. పది నిమిషాలు. నేను దాని చెయ్యి పట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. కళ్లు తెరిచి అది అన్న మొదటి మాట, గూడబాతు మూతికింద సంచిలో బిందెడు నీళ్లు పడతాయంటమ్మా అని. నా ప్రాణం లేచొచ్చింది.

ఇక ఇంట్లో పట్టీ అవసరం లేదు. కళ్లు మూసుకుంటే పేజీ వస్తుంది, తెరిస్తే పోతుంది. పుస్తకం మొత్తం చదివేశాక లైబ్రరీకి వెళ్లి ఇంకో పది నిమిషాలు పట్టీ పెట్టుకుంటే అది వెనక్కి వెళ్లిపోతుంది. మామూలుగా చదివిన పుస్తకం ఎంత గుర్తుంటుందో అంతే మనకి మిగులుతుంది. ఒక్కో పుస్తకానికి ఒకటే కాపీ. అది ఒకరి తలలో ఉన్నన్నాళ్లూ ఇంకొకరికి దొరకదు. గడువు పధ్నాలుగు రోజులు. చదవడం అవకపోతే గడువు పొడిగించామని దానంతటదే మెసేజి వస్తుంది. సంతకం చేసిన కాగితంలో ఇంకా ఏవో ఉన్నాయి. వేలితో ఒక్కో లైనూ చదివాను. చదవడం పూర్తికాకుండా పుస్తకం తిరిగి ఇవ్వరాదు అని ఒకచోట ఉంది. కంచంలో అన్నం వదిలెయ్యకు అని పిల్లలకి చెప్పే మాటలాంటిది కాబోలు అనుకున్నాను.

మా అత్తగారు అచ్చియ్యమ్మ గారు. తుంటి ఎముక విరిగి ఏడాదిగా మంచంలోనే ఉన్నారు. చూపు అంతకు ముందే పోయింది. జోషిత బడి నుంచి రాగానే పుస్తకాల సంచి అక్కడ పడేసి, ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని కళ్లు మూసుకుని ఒక పక్షిని చదివి వినిపించేది. అత్తయ్య గారు లంకలో పుట్టిన మనిషి. ప్రతి రెండో వాక్యానికీ అడ్డుపడేవారు. ఆ రాసినోడు మా లంక చూడలేదే అమ్మడూ, ఎర్రకాళ్ల కొంగ అట్టా నిలబడదు, ఇట్టా నిలబడుతుంది అంటూ పడుకునే చేతులు తిప్పి చూపించేవారు. ఇంక అక్కణ్నుంచి ఎక్కడెక్కడికో వెళ్లిపోయేవారు. జోషితకి మొదటిసారి గాజులు తొడిగించిన రోజు, అది తప్పిపోయి రేవులో దొరికిన రోజు, ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా పచ్చి మామిడికాయ తిన్న రోజు. నీకు గుర్తుందా అని ఆవిడ, ఎందుకు లేదు అని ఇది. నేను మిషను ఆపి వినేదాన్ని. పుస్తకం ఒక పేజీ కదిలితే వీళ్లు పది పేజీలు కదిలేవాళ్లు.

పదో పక్షి అయిన మర్నాడు పొద్దున్న కాఫీ తీసుకెళ్లేసరికి అత్తయ్య గారు లేరు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మనిషి పోయిన ఇంట్లో దినం లోపల ఎరువు వస్తువు ఉండకూడదు. పరాయి వస్తువు ఉంటే పోయినవాళ్లు దాన్ని పట్టుకుని ఆ ఇంటికి వెళ్లిపోతారని అంటారు. నాకు ఇది నేర్పిందే అత్తయ్య గారు. మామగారు పోయినప్పుడు నూకాలమ్మ వాళ్ల ఇడ్లీ రేకులు, ఎదురింటి నిచ్చెన, అన్నీ ఆవిడే గుర్తుపెట్టుకుని పంపించేశారు. ఈసారి ఆ పని నాదే కదా. పదో రోజున ఇల్లంతా వెతికి అన్నీ ఎవరివి వాళ్లకి పంపించాను. అప్పుడు ఫోన్ మోగింది. మీ పుస్తకం గడువు మరోసారి పొడిగించడమైనది అని మెసేజి. అసలైన ఎరువు వస్తువు పిల్ల తలలోనే ఉండిపోయింది.

జోషిత ఒప్పుకోలేదు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో, ఇంకా రెండు పక్షులు ఉన్నాయమ్మా, నాయనమ్మ లేకుండా ఇప్పుడు చదవలేను, కొన్నాళ్లయ్యాక చదువుతాను అంది. దినం అయ్యాక మళ్లీ తెచ్చుకుందువుగాని పద అన్నాను. మైలలో పెద్దవాళ్లం లోపలికి వెళ్లకూడదని నేను లైబ్రరీ అరుగు కింద నిలబడి పిల్లని పంపించాను. ఇందుమతి గారు బయటికి వచ్చి, చదవడం అయిందా అని అడిగారు. అవలేదండీ, చావిల్లు, ఇంట్లో ఉంచుకోకూడదు అన్నాను. దుఃఖంలో ఉన్నవాళ్లతో వాదనెందుకు అనుకున్నట్టున్నారు. జోషిత వేలిముద్ర తీసుకుని పట్టీ పెట్టారు.

బయటికి వచ్చి తల తేలిగ్గా ఉందమ్మా అంది పిల్ల. పది రోజుల తర్వాత ఆ సాయంత్రమే అడిగి అన్నం పెట్టించుకుంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు దినం. వాకిట్లో షామియానా, నలభైమంది చుట్టాలు. ముందుగదిలో కుర్చీ మీద అత్తయ్య గారి ఫోటో, దానికి దండ. నేను గారెల పళ్లెం పట్టుకుని వంటవాళ్ల దగ్గర్నుంచి వస్తున్నాను. జోషిత వచ్చి నన్ను కిందికి వంగమంది. చుట్టాలెవరైనా వింటే నొచ్చుకుంటారని కాబోలు, నా చెవిలో అడిగింది.

“అమ్మా, ఆ ఫోటోలో ఆవిడెవరు?”

వేళాకోళం అనుకున్నాను. మా ఆయన కూడా విన్నారు. ఏంటమ్మా అది, నాయనమ్మ కదా అన్నారు. జోషిత ఆయన వంకా నా వంకా చూసింది. అబద్ధం ఆడే పిల్ల మొహం నాకు తెలుసు. ఇది ఆ మొహం కాదు.

“నాన్నా, నాకు నాయనమ్మ ఉందా?”

గారెల పళ్లెం ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. తర్వాత ఎవరో చెప్పారు, కింద పడలేదని, చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయానని.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రక్తం, స్కానింగు, అన్నీ బాగున్నాయన్నారు. ఎక్కాలు చెప్పింది, స్నేహితుల పేర్లు చెప్పింది. పెద్ద దుఃఖం వస్తే పిల్లలు అలా మూసుకుపోతారు, అదే సర్దుకుంటుంది అన్నారాయన. కానీ దాని మొహంలో దుఃఖమే లేదు. ఇంటికొచ్చి ఖాళీ మంచం చూసి, ఇది ఎవరు పడుకునేదమ్మా అని అడిగింది. గాజులు తొడిగించిన రోజు గుర్తుంది, ఎవరు తొడిగించారో గుర్తులేదు. రేవులో తప్పిపోవడం గుర్తుంది, ఎవరు వచ్చి ఎత్తుకున్నారో గుర్తులేదు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ఆ గీత వెంటే కత్తెర వేసినట్టు, అంత నున్నగా ఆవిడ ఒక్కరే లేరు. నేను చెబుతుంటే బుద్ధిగా విన్నది. పాపం మంచావిడ కదమ్మా అంది. పక్కింటి మనిషి గురించి అన్నట్టు అంది.

పోనీ పక్షుల సంగతి చెప్పు, గూడబాతు సంచిలో ఎన్ని నీళ్లు పడతాయి అని అడిగాను. ఏ పక్షులమ్మా అంది.

అప్పుడు నాకు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా లైబ్రరీకి పరుగెత్తాను.

ఇందుమతి గారు విన్నంతసేపూ నిలబడే ఉన్నారు. తర్వాత కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి, నాకూ వినబడేలా పెట్టారు. ఆ అబ్బాయి గొంతు ముందు హుషారుగానే ఉంది. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు పాప ఎక్కడివరకూ చదివిందని అడిగాడు. పది అన్నారు ఈవిడ. పన్నెండూ కాదా అన్నాడు, హుషారు తగ్గిన గొంతుతో.

ఆ తర్వాత చెప్పాడు. పుస్తకం తలలో ఉన్నన్నాళ్లూ మనిషి ఏది తలుచుకుంటే అది దానికి అతుక్కుంటుందట. ఆఖరి పేజీ చదివాక, ఇది పుస్తకానిది, ఇది మనిషిది అని విడదీసే పని లోపల దానంతటదే జరుగుతుందట. ఆ పేజీ రాకుండా తీస్తే విడదీయడం ఉండదు, అతుక్కున్నదంతా కలిసే వచ్చేస్తుంది. మీ పాప అన్ని రోజులూ ఎవర్ని తలుచుకుందో వాళ్లకి సంబంధించినదల్లా వచ్చేసి ఉంటుందండీ అన్నాడు.

ఇందుమతి గారు కుర్చీలో కూర్చుని నా కాళ్ల వైపు చూస్తూ మాట్లాడారు. సగంలో ఇవ్వరాదన్న నిబంధన ఎందుకు పెట్టారో తనకి శిక్షణలో చెప్పారట. ప్రమాదం అన్నారట గానీ, ఇంత అని అనుకోలేదట.

“మైకులో అన్నీ చెప్పాను రత్నకుమారి గారూ. ఈ ఒక్క ముక్కా చెప్పలేదు. చెబితే ఎవరూ రారని భయపడ్డాను.”

ఆవిడ మీద అరవాలని ఉంది. కానీ పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చింది నేను. నా భయమూ ఆవిడ భయమూ కలిసి నా బిడ్డ తలలోంచి ఒక మనిషిని ఎత్తుకుపోయాయి.

పోయినట్టేనా అని ఫోన్ వైపు వంగి అడిగాను. లేదండీ, కాపీలో అలాగే ఉంది అన్నాడు ఇంజనీరు. పాప మళ్లీ అదే పుస్తకం తీసుకుంటే వెనక్కి వచ్చేస్తుంది, ఆఖరి పేజీ వరకూ చదివితే ఆవిడ మళ్లీ పాప దగ్గరే ఉండిపోతారు. ఏడుపు వచ్చింది. అయితే ఇచ్చెయ్యండి, ఇప్పుడే తీసుకొస్తాను పిల్లని అన్నాను.

ఇందుమతి గారు రిజిస్టరు తెరిచారు. వేలు ఒకచోట ఆగిపోయింది.

జోషిత ఇచ్చేసిన సాయంత్రమే ఆ పుస్తకం ఇంకొకరు పట్టుకెళ్లారు. రేవు వీధిలో ఉండే అబ్బులు గారు. లాంచీ నడిపే సరంగుగా చేసి మానేసిన పెద్దాయన. నాలుగు రోజులు అయింది.

పోయినవాళ్లు ఎరువు వస్తువుని పట్టుకుని ఆ ఇంటికి వెళ్లిపోతారు. అత్తయ్య గారు చెప్పిన మాటే. ఇంట్లో ఉంచుకుంటే పోతారనుకున్నాను. ఇచ్చేసి నేనే పంపించాను.

ఆయన చదవడం పూర్తి చేస్తే ఏమవుతుందని ఇందుమతి గారు ఇంజనీరుని అడిగారు. పూర్తి చేస్తే, అప్పుడు విడదీస్తుంది కదండీ, మనిషి జ్ఞాపకం ఏదున్నా అది చదివిన మనిషి దగ్గరే వదిలేస్తుంది. ఎవరిదో దానికి తెలియదు. ఆ పెద్దావిడ శాశ్వతంగా ఆయనకి ఉండిపోతారు అన్నాడు. మధ్యలోనే తీసేస్తే అన్నారు ఈవిడ. ఈ నాలుగు రోజుల్లో ఆయన తలుచుకున్నవి కూడా కలిసి వచ్చేస్తాయి. తర్వాత ఎవరు తీసుకుంటే వాళ్లకి రెండూ వెళతాయి. విడదీయడం మాకు ఇంకా చేతకాదు అన్నాడు. క్షమించండి అని కూడా అన్నాడు.

బడి నుంచి జోషితని తీసుకుని, ఇందుమతి గారూ నేనూ రేవు వీధికి నడిచాం. ఎండ ఇంకా మాడుతూనే ఉంది. దారిలో నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. దాన్ని రాయకుండా ఈ కథ రాస్తే అబద్ధం అవుతుంది. ఒకవేళ ఆయన చదివేసి ఉంటే ఏం పోయింది అనిపించింది. పిల్ల ఏడవడం లేదు. అన్నం తింటోంది. పైగా అత్తయ్య గారు పోవడానికి వారం ముందు ఒక మధ్యాహ్నం జరిగినది కూడా దానికి గుర్తుండదు. ఆ రోజు ఆవిడ మూడోసారి పక్క తడిపేశారు. పెళ్లివారి జాకెట్లు పదకొండు మిషను మీద ఉన్నాయి. దుప్పటి విసురుగా లాగాను. ఇంకా ఎన్నాళ్లు అన్నాను, ఆవిడ మొహం మీదే. తలెత్తేసరికి గుమ్మంలో జోషిత నిలబడి ఉంది. ఆ చూపు నేను మర్చిపోలేదు. అది మర్చిపోయిందంటే, నా బిడ్డ నన్ను అలా చూసిన చూపు ఈ భూమ్మీద లేనట్టే కదా అని, పది అడుగుల దూరం, తేలిగ్గా నడిచాను.

అబ్బులు గారు అరుగు మీద కూర్చుని చేటలో చింతపండు పిక్కలు తీస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. పంటకాలువ ఎదురుగానే ఉంది. మమ్మల్ని చూసి ఎవరా అని చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అంతలో ఆయన చూపు జోషిత మీద పడింది. చేట పక్కకి పెట్టేశారు.

“అమ్మడూ” అన్నారు.

మా వీధిలోనే ఆ పిలుపు ఎవరికీ తెలియదు. జోషిత నా వెనక్కి వచ్చి నిలబడింది.

ఇందుమతి గారు మొదట అడిగింది పుస్తకం అయిపోయిందా అని. పదకొండు అయ్యాయండి, ఒక్క పక్షి ఉంది, చల్లబడ్డాక చదువుకుందామని ఉంచుకున్నాను అన్నారు. నేను అరుగు అంచు పట్టుకున్నాను.

ఇందుమతి గారు నెమ్మదిగా జరిగినదంతా చెప్పారు. నేను ఫోన్లో అత్తయ్య గారి ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఫోను రెండు చేతులతో నాకు అందించారు.

“పుస్తకంలో మనిషనుకున్నానమ్మా. పక్షుల మధ్యలో వచ్చి, ఇట్టా కాదు అట్టా అని రాసినోడిని కూడా తిడతావుంటే, భలే రాశాడు కదా అని నాలో నేనే నవ్వుకున్నాను. నిజం మనిషా ఈవిడ.”

తర్వాత తనకి తెలిసినవన్నీ చెప్పుకొచ్చారు. గాజులు, రేవు, మామిడికాయ. జోషిత నోరు తెరుచుకుని వింటోంది. ఆయనకి తల్లి పురిట్లోనే పోయిందట. లాంచీల మీద వంటవాళ్ల చేతుల్లో పెరిగారట. ఒకళ్లు తనని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమరడం అంటే ఏమిటో ఈ నాలుగు రోజుల్లోనే తెలిసిందట. డెబ్బై రెండేళ్లకి నాయనమ్మ దొరికిందమ్మా అని నవ్వబోయారు. నవ్వలేకపోయారు.

ఆ మీదట నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. నాకు తెలిసిపోయింది, ఏం రాబోతోందో. ఆయన కళ్లతో నన్ను చూస్తున్నది గుమ్మంలో నిలబడిన నా బిడ్డే.

“ఆ దుప్పటి రోజు సంగతి మీ మనసులో పెట్టుకున్నారేమోనని చెబుతున్నాను. మీరు బయటికెళ్లాక పిల్ల ఏడ్చింది. ఆవిడ దగ్గరకి తీసుకుని, మీ అమ్మ అలిసిపోయిందే అమ్మడూ, అది తిట్టు కాదు, ఒళ్లు నొప్పి మాట్లాడింది, నువ్వెళ్లి మిషను కాడ కాసేపు కూర్చో, దానికి ఎవరూ లేరు అన్నారు.”

ఆ సాయంత్రం జోషిత వచ్చి నా మిషను పక్కన ఊరికే కూర్చున్న మాట నిజమే. హోంవర్కు తప్పించుకోవడానికి వచ్చిందని కసిరాను.

దారిలో నేను పడిన ఆ పది అడుగుల తేలిక ఏమైపోయిందో. నా మీద జాలిపడడం నా బిడ్డ నేర్చుకున్న రోజు ఒకటి ఉంది. అది ఇప్పుడు పరాయి అరుగు మీద కూర్చుని ఉంది.

“బాబాయ్ గారూ, అడగకూడని మాట అడుగుతున్నాను. ఆ ఒక్క పక్షీ చదవకండి. పుస్తకం ఇచ్చెయ్యండి” అన్నాను.

ఆయన ఇందుమతి గారి వంక చూశారు. ఇస్తే నాకేమవుతుందండి అని అడిగారు. ఈసారి ఆవిడ ఏమీ దాచలేదు. ఆ పెద్దావిడ వెళ్లిపోతారు. ఈ నాలుగు రోజుల్లో మీరు ఎవర్నైతే తలుచుకున్నారో వాళ్లూ పోతారు. మొహం, గొంతు, అన్నీ. తర్వాత ఫోటో చూపించి మేం చెబితే వింటారు గానీ, మీకు మాత్రం ఉండదు. అవి ఈ కాపీతో పాటు పాప దగ్గరికి వెళతాయి. పాప ఆఖరి పేజీ చదివాక అక్కడే ఉండిపోతాయి అని ముక్కముక్కా విడమరిచి చెప్పారు.

ఎవర్ని తలుచుకున్నారని మేం అడగలేదు. ఆయనే చెప్పారు. లాంచీ మీద ముప్పై ఏళ్లు తనతో పాటు తిరిగిన భార్య. ఏ పక్షి పేరు చదివినా, చుక్కాని దగ్గర తను, వెనకవైపు పొయ్యి ముందు ఆవిడ, అదే కనబడిందట. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఇంక ఎవరూ లేరు.

నేను ఏమడిగానో అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. వద్దులెండి అనాలి. నోరు రాలేదు. నా వెనక నా పిల్ల నా చీర కొంగు పట్టుకుని నిలబడి ఉంది. దాని తలలోకి ఎవరో తెలియని ఒక మనిషి వస్తుందన్న భయం ఇంకోవైపు. పన్నెండేళ్ల పిల్లకి ముసలాయన ఇల్లాలి జ్ఞాపకాలేమిటి, దానికి పిచ్చెక్కదా, రేపు నన్ను అమ్మా అని పిలుస్తుందా. పద్ధెనిమిదో ప్రశ్న, పంతొమ్మిదో ప్రశ్న. ఒక్కటీ పైకి రాలేదు.

అబ్బులు గారు గోడకి జారగిలబడి కళ్లు మూసుకున్నారు.

కళ్లు మూసుకుంటే పేజీ వస్తుంది. ఆయన ఆలోచిస్తున్నారో, భార్యని చూసుకుంటున్నారో, ఆ పన్నెండో పక్షిని చదివేస్తున్నారో బయటి నుంచి చూసి చెప్పలేం. ఇందుమతి గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్కో అధ్యాయం చదవడానికి జోషితకి పావుగంట పట్టేది. నేను కాలవ వైపు చూడలేదు, ఎండ వైపు చూడలేదు. ఆయన కనురెప్పల వైపే చూస్తున్నాను. అవి ఒకటి రెండుసార్లు కదిలాయి. పెదవులు కూడా కదిలాయి. పిలవాలనుకున్నాను. పిలవడానికి నాకేం హక్కు ఉంది. జోషిత అరుగెక్కి వెళ్లి, ఆయన పక్కన కాస్త ఎడంగా కూర్చుని, చేట ఒళ్లోకి లాక్కుని పిక్కలు తీయడం మొదలుపెట్టింది. దాన్ని వారించడానికి కూడా నేను కదల్లేదు. చేటలో సగం అయిపోయింది. పడవ ఒకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. పావుగంట అయింది. దాటింది.

ఆయన కళ్లు తెరిచారు. తుడుచుకోలేదు. నా వైపు కాదు, పక్కన పిక్కలు తీస్తున్న పిల్ల వైపు చూసి, తర్వాత నాతో అన్నారు.

“మా ఆవిడ పేరు పేరంటాలమ్మా. మాట కొంచెం గట్టిగా ఉంటుంది. పిల్ల జడుసుకోకుండా ముందే చెప్పి ఉంచండి.”